పది సెకండ్ల ఖాళీ గది

గాలి సోకిందనీ, ఏదో పట్టుకుందనీ ఎవరైనా నా ముందు మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటర్ పిల్లలకి ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పినదాన్ని. క్లాసుకి ఎవడైనా తాయెత్తు కట్టుకొస్తే, అందులో ఉన్న లోహం ఏమిటో, దాని సాంద్రత ఎంతో చెప్పేదాకా నిలబెట్టేదాన్ని. మా అత్తగారు గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ కుళ్ళి, ఆ నీళ్ళు నా నెత్తిన పడ్డ రోజున, ఆవిడ చూస్తుండగానే కోసి పెంటకుప్ప మీద పారేశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

అలాంటిదాన్ని ఇప్పుడిది రాస్తున్నానంటే, ఇన్నేళ్ళుగా లోపల తొలుస్తున్నది బయటికి చెప్పకపోతే నాకు స్థిమితం లేదని అర్థం. జరిగింది జరిగినట్టే చెబుతాను. ఉప్పూ కారం చల్లను.

2016లో మేము బొబ్బిలిలో అద్దెకుండేవాళ్ళం. మావారిది సాలూరులో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పని. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ చీకటి పడే వేళకే దిగేవారు. అమ్మాయి హాస్టల్లో చేరాక ఇంటి వెనక గది ఖాళీ అయింది. నాకు పాడే గొంతు లేదు గానీ, వినే చెవి ఉంది. పాటల్లో ఏ వాయిద్యం ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది అని చిన్నప్పట్నుంచీ పట్టి పట్టి వినేదాన్ని. ఆ పిచ్చితోనే ఒక మంచి మైకు, దాన్ని కంప్యూటర్‌కి తగిలించే డబ్బా, హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాను. మిక్సింగ్ ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను.

గదిలో ప్రతిధ్వని రాకుండా గోడలకి పాత బొంతలు, దుప్పట్లు వేలాడదీశాను. మావారు గుమ్మంలో నిలబడి, "గదికి జొరమొచ్చినాదేటే, ఇన్ని దుప్పట్లు కప్పినావు?" అన్నారు. ఆయన పుట్టి పెరిగింది ఈ నేల మీదే. నేను క్లాసుల్లో మాట్లాడీ మాట్లాడీ పుస్తకం భాషలో పడ్డాను గానీ, ఆయన మాట మారలేదు.

మా పక్కిల్లు వీణలు చేసే సింహాచలం బాబాయ్‌ది. పనస చెక్కని ఉలితో తొలుస్తూ పొద్దస్తమానం టకటకమని చప్పుడు చేసేవాడు. దూరప్రాంతాల నుంచి వీణలు చేయించుకునేవాళ్ళు, పంపే ముందు నాదం వినిపించమని అడగడం మొదలుపెట్టారు. దాంతో ఆయన తయారైన ప్రతి వీణనీ మోసుకొచ్చి నా గదిలో పెట్టి, తీగలు మీటేవాడు. నేను రికార్డు చేసి ఫోన్లో పంపేదాన్ని. పాటలు పాడుకునేవాళ్ళు కూడా అప్పుడప్పుడూ వచ్చి రికార్డు చేయించుకునేవారు.

రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ప్రతిసారీ పది సెకండ్లపాటు ఎవరూ మాట్లాడకూడదు. మైకు వేసి ఖాళీ గదినే రికార్డు చేస్తాను. అది తప్పనిసరి. ఎందుకంటే ఖాళీ గదిలో కూడా ఏదో ఒక చప్పుడు ఉంటుంది. వీధి హోరు, కంప్యూటర్ ఫ్యాను, కరెంటు తీగల గుయ్యిమనడం. ఆ పది సెకండ్లనీ సాఫ్ట్‌వేర్‌కి చూపించి, ఇది చెత్త, గుర్తుపెట్టుకో అని చెబుతాం. తర్వాత పాటని దానికి ఇస్తే, ఆ చెత్తతో పోలినదంతా ఏరేస్తుంది. బియ్యంలో రాళ్ళేరినట్టు. గొంతు మాత్రం మిగులుతుంది.

"ఏటి టీచరమ్మా, ఖాళీ గదిని రికార్డు సేస్తన్నావేటి? దీనికేటైనా గిరాకీ ఉంటాదా?" అని నవ్వేవాడు సింహాచలం బాబాయ్.

నేను దేన్నీ పారేసే రకం కాదు. ఆ పది సెకండ్ల ముక్కలన్నిటినీ 'ఖాళీ' అని పేరుపెట్టి, తేదీ, టైము వేసి ఒక ఫోల్డర్‌లో దాచేదాన్ని. ఈ అలవాటు ముందు ముందు నా ప్రాణం తీస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో గౌరి ఫోన్ చేసింది. నా దగ్గర రెండేళ్ళు చదువుకున్న పిల్ల. వాళ్ళది బొబ్బిలికి దగ్గర్లో ఒక పల్లె, వరీ, చోళ్ళూ అంటే రాగులూ పండించుకునే కుటుంబం. ఏడుస్తూ చెప్పింది. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ గొంతులో కేన్సర్ గడ్డ ఉందట. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేస్తారట. సోమవారం ఆస్పత్రిలో చేరాలి, గురువారం ఆపరేషన్. ఆ తర్వాత ఆవిడ బతుకుతుంది గానీ మాట్లాడలేదు.

గౌరికి పెళ్ళి కుదిరి ఉంది. పెళ్ళికొడుకు మిలట్రీలో. అతనికి సెలవు దొరికేది నెలన్నర తర్వాతే. అంటే పెళ్ళిని ముందుకి జరపలేరు, ఆపరేషన్‌ని వెనక్కి జరపలేరు.

అప్పలనరసమ్మ ఎవరంటే, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళయినా అప్పగింతల పాట పాడే మనిషి. పెళ్ళికూతురి చెయ్యి పాలల్లో ముంచి, అత్త చేతిలో, మామ చేతిలో, ఆడపడుచు చేతిలో ఒక్కొక్కరికే పెడుతూ పాడతారు. ఒక్కో చరణంలో ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచి, పిల్లని ఇలా చూసుకోమని అడగాలి. పాడేవాళ్ళ గొంతు మధ్యలో జీరపోకూడదు, ఏడవకూడదు. కన్నతల్లులు ఏడుపు ఆపుకోలేరు కాబట్టి ఈవిడని పిలిచేవారు.

ఆదివారం తల్లీ కూతుళ్ళు మా ఇంటికొచ్చారు. నేను అప్పలనరసమ్మని చూడటం అదే మొదటిసారి. అంతకు ముందు ఆవిడ ఎప్పుడూ ఆ వీధికి కూడా రాలేదని తర్వాత గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాను. సన్నగా, పొడుగ్గా, నుదుట రూపాయంత బొట్టుతో ఉంది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. నా చేతులు రెండూ పట్టుకుంది.

"ఊళ్ళో ఆడగుంటలందర్నీ అప్పగించీసినాను తల్లీ. నా గుంటని అప్పగించడానికి నాకు గొంతు లేకుండా పోతాదా? నాను పాడతాను, నువ్వు ఎలాగైనా దాసీయి. ఆ రోజున నా గొంతే వినబడాల."

నా కళ్ళు చెమర్చాయి. మీకు ఆ బెంగ వద్దు, నేను చూసుకుంటానని గొప్పగా మాట ఇచ్చాను.

ఆ రోజు కరెంటు లేదు. రెండు గంటలకి వస్తుందని ముందే చెప్పారు. వాళ్ళు వచ్చింది పదకొండున్నరకి. రెండున్నర గంటలు ఆగితే సరిపోయేది. కానీ నాకు ఆగడం చేతకాదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ పెట్టేశాను. ఇన్వర్టర్ మీద నడిస్తే మైకులో జుమ్మని కందిరీగల మోత వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో అది వినిపిస్తూనే ఉంది. సాఫ్ట్‌వేర్ ఏరేస్తుందిలే అనుకున్నాను.

గోడ అవతల ఉలి ఆపమని చెప్పడానికి వెళితే సింహాచలం బాబాయ్, "కరెంటు రానియ్యమ్మా, తొందరేటి?" అన్నాడు. మీరు ఉలి ఆపండి చాలు అని కసిరి వచ్చాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

ముందు మైకు పరీక్షకి గౌరి చేత రెండు మాటలు చెప్పించాను. తర్వాత పది సెకండ్ల ఖాళీ. ఆ పది సెకండ్లూ అప్పలనరసమ్మ మైకు ముందే కళ్ళు మూసుకుని కూర్చుంది. పెదాలు కదిలాయి, చప్పుడు మాత్రం రాలేదు. తర్వాత పాడింది. గొంతు బలహీనంగా ఉంది కాబట్టి మైకు వాల్యూమ్ బాగా పెంచాల్సి వచ్చింది. దాంతో కందిరీగల మోత కూడా పెరిగింది. ఏడు చరణాలు, ఎక్కడా ఆగలేదు, శ్రుతి తప్పలేదు. పాట అయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. కొంగు మీద ఎర్రటి మరక చూశాను. ఇంకోసారి పాడమని అడిగే ప్రశ్నే లేదు. ఉన్నది ఆ ఒక్క పాటే.

వాళ్ళు వెళ్ళాక సాయంత్రం పనికి కూర్చున్నాను. ఖాళీ ముక్కని సాఫ్ట్‌వేర్‌కి చూపించి, పాటని ఇచ్చి, మీట నొక్కాను. విన్నాను.

గొంతు లేదు. కందిరీగల మోత మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. రాళ్ళు మిగిలాయి, బియ్యం పోయాయి.

ఏదో తప్పు నొక్కాను అనుకున్నాను. వెనక్కి తీసుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. నాలుగోసారి కూడా అంతే. అదే ఖాళీ ముక్కతో గౌరి మాట్లాడిన రెండు మాటల్నీ శుభ్రం చేసి చూశాను. అద్దంలా వచ్చింది. మోత పోయింది, గౌరి గొంతు ఉంది. అదే గది, అదే మైకు, అదే మోత, రెండు నిమిషాల తేడా. తల్లి గొంతు మాత్రం పోతోంది.

ఆవిడ పెదాలు కదపడం గుర్తొచ్చింది. లోలోపల పాడుకుందేమో, అది మైకులో పడిందేమో. ఆ ముక్కని ఎంత పెంచాలో అంత పెంచి విన్నాను. మోత తప్ప ఇంకేమీ లేదు. శబ్దాన్ని గీతల్లో చూపించే పటం తీసి, ఒక్కో గీతా పరిశీలించాను. మనిషి గొంతు ఆనవాళ్ళు ఎక్కడా లేవు. అయినా సరే, కారణం అదే అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని పడుకున్నాను.

సోమవారం ఆవిడ ఆస్పత్రిలో చేరింది. గౌరి ఫోన్ చేసి పాట ఎలా వచ్చింది మేడం అని అడిగితే, బాగా వస్తోంది, ఇంకా పని ఉంది అని అబద్ధం చెప్పాను. మంగళవారం కాలేజీకి సెలవు పెట్టాను. మోతని చేత్తో తగ్గించి చూద్దామని ఒక్కొక్క స్థాయినీ పట్టుకుని నొక్కాను. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు తయారైంది. పెళ్ళి పందిట్లో పెద్ద స్పీకర్లో అది వేస్తే జుమ్మని మోతే వినిపిస్తుంది, తల్లి గొంతు వినపడదు.

గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. అన్నం పొయ్యి మీద పెట్టి మర్చిపోతే మాడి బొగ్గయింది. ఆ చిరాకులో, ఎందుకో తెలియదు, నాలుగు నెలల కిందటి ఖాళీ ముక్క ఒకటి తెరిచాను. సింహాచలం బాబాయ్ వీణ కోసం తీసింది. అప్పటికి అప్పలనరసమ్మ అనే మనిషి ఈ లోకంలో ఉందని కూడా నాకు తెలియదు. పైగా అది మామూలు కరెంటు మీద తీసింది, అందులో ఇన్వర్టర్ మోత లేదు. లెక్క ప్రకారం దానితో ఈ పాటకి ఏమీ కాకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

మీట నొక్కాను. గొంతు పోయింది. మోత ఉంది.

కుర్చీలోంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. కాసేపు బట్టలు ఉతికాను, ఉతికినవే మళ్ళీ ఉతికాను. గోడ అవతల నుంచి సింహాచలం బాబాయ్, "ఏటమ్మా, మొకం అలాగున్నాది?" అని పలకరిస్తే ఏమీ లేదన్నాను.

తర్వాత ఆ ఫోల్డర్‌లో ఉన్న ముక్కలన్నీ వరసగా వేశాను. ఏడాదిన్నర నాటివి, వాన పడుతున్నప్పటివి, పండగ మైకులు దూరంగా వినిపిస్తున్నవి. ప్రతి ఒక్కటీ ఆవిడ గొంతునే ఏరేసింది. అవే ముక్కలు వేరేవాళ్ళ పాటల మీద వేస్తే బుద్ధిగా తమ పని తాము చేశాయి. ఇంటర్నెట్లో దొరికిన వేరే ఎవరి గదో ఖాళీ ముక్క ఒకటి వేస్తే, అది ఆవిడ గొంతుని ముట్టుకోలేదు. అంటే నా గదిలోనే, ఆవిడ గొంతుతో పోలినదేదో ఉంది.

బుధవారం విశాఖలో ఒక స్టూడియోలో పనిచేసే తెలిసినాయనకి పాటనీ, ఆదివారం నాటి ఖాళీ ముక్కనీ పంపాను. నా కంప్యూటర్ పాడైపోయిందేమోనని చివరి ఆశ. గంటలో ఫోన్ చేశాడు. "మేడం, మీరు ఖాళీ ముక్క అని పాట ముక్కే పంపీసినట్టున్నారు. గొంతు మొత్తం తినేస్తన్నాది. మళ్ళీ సూసుకోండి." ఆ ముక్క విన్నారా అని అడిగాను. వినలేదు మేడం అన్నాడు. విని మళ్ళీ ఫోన్ చేస్తానన్నవాడు చెయ్యలేదు.

గురువారం పొద్దున గౌరి ఫోన్ చేసింది. ఎనిమిదికి లోపలికి తీసుకెళతారట. "అమ్మ పాట గురించే అడుగుతన్నాది మేడం. బాగా వచ్చినాదని సెప్పమంటారా?" అంది. చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశాక సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకొన్ని గంటల్లో ఆవిడ గొంతు తీసేస్తారు, నా దగ్గర మిగిలినదాన్ని నేను బయటికి తీయలేకపోతున్నాను.

మెయిన్ స్విచ్ కట్టేసి ఇన్వర్టర్ మీద కొత్త ఖాళీ ముక్క తీశాను. ఫైలు మీద టైము పదీ నలభై. గొంతు పోయింది.

అప్పుడు నేను చేసింది చెప్పుకోవడానికి నాకే ఎబ్బెట్టుగా ఉంది. గదిలో ఎవరూ లేరు. బొంతలకేసి చూస్తూ పెద్దగా అరిచాను. "ఏటి కావాలి మీకు? ఆ తల్లి గొంతు ఇచ్చీండి నాకు!" నా నోట్లోంచి మా అమ్మ భాష వచ్చింది. పుస్తకం భాష ఎటు పోయిందో తెలియదు. ఎవరిని అడిగానో కూడా తెలియదు. తలుపు వేసి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. సింహాచలం బాబాయ్ ఉలి చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాను.

మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో ముక్క తీశాను. ఫైలు మీద టైము పన్నెండు యాభై. మీట నొక్కాను.

మోత పోయింది. అప్పలనరసమ్మ గొంతు ఒక్కటే, గదిలో నా పక్కన కూర్చుని పాడుతున్నట్టు ఉంది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. 'పాలల్లో తడిసిన చెయ్యమ్మా వదినా, పదిలంగ పట్టుకో' అనే చరణం దగ్గర నాకు ఏడుపు ఆగలేదు.

ఒంటిగంట దాటాక గౌరి ఫోన్. "ఆపరేషను అయిపోనాది మేడం. పన్నెండూ పావుకి డాక్టరు గారు బయటికొచ్చి సెప్పినారు. గొంతు పెట్టి తీసీసినారట."

అంటే నా పదీ నలభై ముక్కకీ, పన్నెండు యాభై ముక్కకీ మధ్యన. వెంటనే పదీ నలభై నాటి ముక్కతో మళ్ళీ చేసి చూశాను. గొంతు పోయింది. పన్నెండు యాభై నాటిదానితో చేశాను. గొంతు ఉంది. మర్నాడు తీసినదానితోనూ ఉంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తీసిన ఏ ముక్కతోనూ ఆవిడ గొంతు పోలేదు. ముందు తీసినవన్నీ ఇప్పటికీ తినేస్తాయి. కంప్యూటర్ మార్చాను, సాఫ్ట్‌వేర్ మార్చాను, ఊరు కూడా మార్చాను. ఫలితం మారలేదు.

పెళ్ళికి నేనే స్పీకర్ పక్కన కూర్చుని పాట వేశాను. అప్పలనరసమ్మ మెడకి తెల్లటి పల్చటి గుడ్డ కట్టుకుని నిలబడింది. పాటలో తన గొంతు ఎవరి పేరు పిలుస్తుంటే, గౌరి చెయ్యి పాలల్లో ముంచి వాళ్ళ చేతిలో పెట్టింది. ఏడు చరణాలకీ అలాగే పెట్టింది. పందిట్లో ఏడవని మనిషి ఎవరన్నా ఉన్నారంటే ఆవిడ ఒక్కతే.

ఇక్కడితో అయిపోతే, ఏదో సాఫ్ట్‌వేర్ లోపం అని సరిపెట్టుకుని ఉండేదాన్ని.

నాలుగు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం తల్లీ కూతుళ్ళు మళ్ళీ మా ఇంటికొచ్చారు. చోడిపిండి, మామిడి తాండ్ర తెచ్చారు. అప్పలనరసమ్మ పెదాలతో, చేతులతో చెబుతుంటే గౌరి మాటల్లో పెట్టేది. ఆవిడకి పాట మళ్ళీ వినాలని ఉందట. ఫోన్లో కాదు, ఆ గదిలో.

హెడ్‌ఫోన్స్ పెట్టాను. నేను పాట వెతుకుతూ పొరపాటున వేరే ఫైలు నొక్కాను. అది ఏడాది కిందటి ఖాళీ ముక్క. ఆపబోతూ ఆవిడ కేసి చూశాను. కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తోంది. పెదాలు కదులుతున్నాయి. పది సెకండ్లు అయిపోగానే చెయ్యి గాల్లో ఆగిపోయింది. నాకేసి చూసి, వేలు తిప్పి, మళ్ళీ వెయ్యమంది.

మళ్ళీ వేశాను, మళ్ళీ తాళం వేసింది. కానీ నేను ఫిజిక్స్ టీచర్ని. నమ్మాలంటే పరీక్ష పెట్టాలి. ఆపరేషన్ జరిగిన గురువారానికి ముందువి నాలుగు, తర్వాతవి నాలుగు ముక్కలు తీసి, పేర్లు చెరిపి, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి కలిపేశాను. ఏది ఏదో ఒక కాగితం మీద రాసి మడిచి కొంగున ముడేసుకున్నాను. నా మొహం చూసి కనిపెట్టకుండా నేను గది బయట నిలబడ్డాను. లోపల గౌరి ఒక్కొక్కటే వేసింది. గౌరికి అవేమిటో తెలియదు. అమ్మ తాళం వేసినవాటి అంకెలు మాత్రం చెప్పమన్నాను.

"రెండు, మూడు, ఆరు, ఎనిమిది మేడం. మిగతావాటికి ఊరికే కూకున్నాది."

ముడి విప్పి కాగితం చూశాను. రెండు, మూడు, ఆరు, ఎనిమిది. నాలుగూ ముందువే. అంకెలు మార్చి ఇంకో రెండుసార్లు చేశాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఏటమ్మా, ఏటి వినబడతాది నీకు? నాకేటీ లేదు కదా అందులో," అని గౌరి తల్లి భుజం పట్టుకుని అడిగింది. ఆవిడ బొటనవేలితో తన మెడ మీది గుడ్డని చూపించి, తర్వాత చెవి చూపించింది.

నేను లోపలికి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి నా తలకి పెట్టింది. తన చేత్తోనే మీట నొక్కింది. పది సెకండ్లు విన్నాను. కంప్యూటర్ ఫ్యాను తిరగడం, గోడ అవతల ఉలి, ఎక్కడో దూరంగా లారీ హారను. ఇంకేమీ లేదు. నా చెవి మీద నాకు ఎంత నమ్మకమో చెప్పాను కదా. ఏమీ లేదు.

అప్పలనరసమ్మ నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. విన్నావా అన్నట్టు కళ్ళెగరేసింది. ఆవిడ కళ్ళల్లో ఆ సంతోషం పెళ్ళి పందిట్లో కూడా నేను చూడలేదు.

విన్నానని తలూపాను.

ఆ తర్వాత రెండేళ్ళపాటు, మేము ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా, సంతకి వచ్చినప్పుడల్లా ఆవిడ మా ఇంటి మెట్లెక్కేది. పాట అడిగేది కాదు. ఖాళీ గదినే అడిగేది. వినేసి, నా చెయ్యి ఒకసారి నొక్కి, సంచీ పట్టుకుని బస్సుకి వెళ్ళిపోయేది. ఇల్లు మారుతున్నప్పుడు ఆ ముక్కలన్నీ ఒక చిన్న ప్లేయర్లో వేసి గౌరికి ఇచ్చాను. ఆవిడ ఇప్పుడు రోజూ వింటుందట.

నేను చదివిన ఫిజిక్స్‌లో దీనికి జవాబు లేదు. దెయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. కానీ ఆ ఫోల్డర్ మూడు చోట్ల దాచుకున్నాను, అప్పుడప్పుడూ తెరుస్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ రోజు తలూపింది అబద్ధం కాకుండా పోతుందేమోనని వింటాను. ఇప్పటిదాకా నాకు ఉలి చప్పుడే వినిపించింది.